అన్‌లైక్లీ తగిలించే ముందు

అమ్మాయీ,

నీ ప్యాచ్, దాని మీద నడిచిన రివ్యూ రెండూ చదివాను. మెమరీ దొరకని షరతుకు ఒకటి, ప్యాకెట్లు అందుకునే లూప్‌లో ఒకటి, ఇది అరుదని చెప్పే అన్‌లైక్లీ గుర్తు పెట్టావు. తీసెయ్యమని రివ్యూ చేసినాయన, ఉండాలని నువ్వు. వాదన గట్టిగానే సాగింది గాని, కొలిచిన అంకె ఇద్దరిలో ఎవరూ చూపలేదు. నాకు బాధ కలిగించింది అదే.

ఆ గుర్తు ప్రాసెసర్‌కు దారి చెబుతుందని రాశావు. ఆ అభిప్రాయం మార్చుకో. పెంటియం 4లో అలాంటి సూచన మోసే ప్రిఫిక్స్ బైట్లు ఉండేవి, తర్వాత వచ్చిన చిప్‌లు చాలావరకు వాటిని పట్టించుకోలేదు. బ్రాంచ్ ఎటు పోతుందో హార్డ్‌వేర్ తనంతట తానే నేర్చుకుంటుంది. లినక్స్ కెర్నల్‌లో లైక్లీ, అన్‌లైక్లీ మాట్లాడేది కంపైలర్‌తో. తరచూ నడిచే కోడ్‌ను అది వరసగా పేర్చి, అరుదైన ముక్కను ఫంక్షన్ చివరికో, వేరే సెక్షన్‌కో నెట్టేస్తుంది. 64 బైట్ల క్యాష్ లైన్‌లో పనికిరాని ఇన్‌స్ట్రక్షన్లు చేరకపోవడమే అసలు లాభం. ఎప్పుడో ఒకసారి నడిచే కోడ్‌లో ఆ లాభం లెక్కకు రాదు.

ఆ లైక్లీ మాక్రోను ఒకసారి తెరిచి చూడు. షరతు ముందు రెండు ఆశ్చర్యార్థకాలు ఉంటాయి. ఫ్లాగ్‌ను 8తో యాండ్ చేస్తే, ఆ బిట్ ఉన్నప్పుడు ఫలితం 8 వస్తుంది, 1 రాదు. కంపైలర్‌కు మనం చెప్పేదేమో 1 వస్తుందని. ఆ రెండు గుర్తులు సున్నా కానిదాన్నంతా 1 చేస్తాయి. అవి లేకపోతే లైక్లీ అని రాసి కూడా అబద్ధం చెప్పినట్టే.

అబద్ధం అన్న మాట ఊరికే వాడలేదు. నువ్వు అరుదు అంటే, జీసీసీ కంపైలర్ దాన్ని మామూలుగా 90 శాతం నమ్మకంగా తీసుకుంటుంది. పదిలో నాలుగుసార్లు నడిచే దారికి ఆ ముద్ర వేయకూడదు. ఎర్రర్ అయినంత మాత్రాన అరుదని కాదు. నాన్-బ్లాకింగ్ సాకెట్‌లో డేటా లేక వెనక్కి వచ్చేదీ ఎర్రర్ కోడ్‌తోనే, అది మాటిమాటికీ జరిగేదే. ప్రోగ్రామర్ల ఊహలు తప్పుతుంటాయి, ప్రొఫైల్ చేసుకోవడం మేలని జీసీసీ మాన్యువలే చెబుతోంది.

కొలిచే సాధనం కెర్నల్‌లోనే ఉంది. 2008లో స్టీవెన్ రోస్టెడ్ట్ రాసినది. కాన్ఫిగ్‌లో ప్రొఫైల్ యానొటేటెడ్ బ్రాంచెస్ ఆన్ చేసి బిల్డ్ చెయ్యి. ట్రేసింగ్ డైరెక్టరీలో ఒక్కో గుర్తు ఎన్నిసార్లు నిజమైందో, ఎన్నిసార్లు తప్పిందో ఫంక్షన్, లైన్ నంబర్‌తో సహా పట్టిక వస్తుంది. ఒక్క నీ ల్యాప్‌టాప్ మీదే కాదు, బాగా ట్రాఫిక్ ఉన్న సర్వర్ మీదా నడిపించు. ఒకచోట అరుదైనది ఇంకోచోట నిత్యం జరగొచ్చు. సెట్టింగును బట్టి మారే షరతైతే స్టాటిక్ కీ ఉంది, బూట్ అయ్యాక కూడా కోడ్‌నే మార్చేస్తుంది.

ఇక మెమరీ దొరకని షరతుకు నువ్వు పెట్టిన మొదటి గుర్తు సంగతి. ఆ మాటలో ఆయనదే న్యాయం. పాయింటర్ నల్ కావడం అరుదని జీసీసీ తనకు తానే అనుకుంటుంది. ఈజ్-ఎర్ మాక్రో లోపల అన్‌లైక్లీ ముందే ఉంది, వార్న్-ఆన్‌లోనూ అంతే. వాటి మీద మళ్లీ రాస్తే చదివేవాళ్లకు అడ్డం తప్ప ఏమీ ఒరగదు. దాన్ని తీసేశానని ముందు ఆయనకు రాయి.

లూప్‌లోది మాత్రం అప్పుడే వదులుకోకు. పట్టికలో తప్పులు దాదాపు లేకపోతే, గుర్తుతోనూ గుర్తు లేకుండానూ పెర్ఫ్ స్టాట్‌తో కొలిచి రెండు ఫలితాలూ కమిట్ మెసేజ్‌లో పెట్టు. తేడా కనిపించకపోతే దాన్నీ తీసేసి, ప్యాచ్ మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న