కట్లు విప్పు చేతులు

పఠన భాగములు: యోహాను 11:38–44, గలతీ 6:1–5, యాకోబు 5:13–16



మా సంఘములోని ఒక యౌవనస్థుడు కొన్ని నెలలు ఆరాధనకు రాలేదు. "ఒంట్లో బాగుండలేదు" అని తల్లి చెప్పెను. గంజాయి సంగతి మాలో పలువురికి తెలిసినను, ఆమె సిగ్గుపడునని ఊరకుంటిమి. చివరకు ఆ యింటికి వెళ్లినప్పుడు, "ఎవరైనా అడుగుదురేమోనని ఇన్నాళ్లు ఎదురుచూచితిని" అని ఆమె కన్నీరు విడిచెను. అందుచేత ఈ పాఠము మొదట మాకే అవసరమైనది.

1. లాజరును లేపినవాడు ప్రభువే. అయినను కట్లు విప్పు పనిని చుట్టు నిలిచినవారికి అప్పగించెను. మత్తునుండి లేచువానికిని అట్టి చేతులు కావలెను.

2. ఒప్పుకొనుటకును స్వస్థతకును గల సంబంధమును యాకోబు చూపుచున్నాడు. అమెరికాలో 1935లో ఆరంభమైన ఆల్కహాలిక్స్ అనానిమస్, 1953లో ఆరంభమైన నార్కోటిక్స్ అనానిమస్ కూడికలలో తప్పును దేవునియెదుట, తనయెదుట, మరియొక మనిషియెదుట ఒప్పుకొనుట అయిదవ మెట్టు. రుసుము లేదు. అక్కడ విన్నది బయట చెప్పరాదు. మానవలెనను కోరిక ఉన్న చాలును. ఇవి ఏ మతమునకు చెందినవి కావు. సంఘమునకు బదులును కావు, విరోధులును కావు.

3. ఎక్కడ విచారింపవలెను? కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను నంబరు 14446. బెంగుళూరులో నిమ్హాన్స్, చెన్నైలో 1980లో స్థాపింపబడిన టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ ఆసుపత్రి, పూణెలో 1986లో మొదలైన ముక్తాంగణ్ ఉన్నవి. బరంపురము వారు ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలోను, యానాం వారు కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలోను మానసిక వైద్య విభాగమున అడుగవచ్చును. దగ్గరలో కూడిక ఎక్కడ జరుగునో కూడ అక్కడ విచారించుడి.

4. కూడిక తమిళములోనో కన్నడములోనో జరుగవచ్చును. మన పిల్లలకు ఆ భాష వచ్చును. తెలుగు మాత్రమే తెలిసిన తల్లికి రాదు. కుటుంబముల కొరకు అల్-అనాన్, నార్-అనాన్ కూడికలు వేరుగా కలవు. తోడు రావచ్చునా అని ముందుగా అడిగి, ప్రక్కన కూర్చుండి అర్థము చెప్పుటకు ఒక సహోదరిని పంపుదము.

హెచ్చరిక: సారాకు గాని నిద్రమాత్రలకు గాని బహుకాలము అలవాటుపడినవాడు హఠాత్తుగా మానినయెడల ఫిట్స్ వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున ఉపవాస ప్రార్థనయని ఇంట బంధింపక, మొదట వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. మరల పడినయెడల, గలతీ పత్రిక చెప్పినట్లు, సాత్వికముతో లేవనెత్తుడి.

ఆలోచించుటకు:
అ) మన సంఘములో ఎవరి గైర్హాజరును గూర్చి మనము అడుగకున్నాము?
ఆ) ఆ యింటికి ఈ వారము వెళ్లునదెవరు?
ఇ) విన్నది బయటపెట్టని నోరు మనకున్నదా?

ప్రార్థనాంశము: తలుపు మూసికొని ఏడ్చుచున్న తల్లుల కొరకును, ఆ తలుపు తట్టు ధైర్యము మనకు కలుగుట కొరకును.