పాచిక ఎప్పుడు వేయించాలి?

పాచికలనగానే మనవాళ్లకు శకుని గుర్తుకు రావడం సహజం. నేను ముచ్చటించబోయేది జూదం కాదు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వంటి ఆటల సంగతి. నలుగురైదుగురు తలా ఒక పాత్ర ధరిస్తారు. గేమ్ మాస్టర్ అనే ఆయన శత్రువులతో సహా మిగతా లోకమంతా తానే అయి కథ నడుపుతాడు. ఏమవుతుందో తేలని చోట ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. ఇప్పుడు ఎవరి గదిలో వాళ్లుండి ఆన్‌లైన్‌లోనూ ఆడుతున్నారు. గేమ్ మాస్టర్‌గా కూర్చోదలచిన మిత్రులకు నాకు తోచిన మాటలు కొన్ని.

అయినదానికీ కానిదానికీ పాచిక వేయించకండి. తాళం వేసిన తలుపుందనుకుందాం. ఓడితే తలుపు తెరుచుకోదంటే కథ అక్కడే చతికిలబడుతుంది. ఓడినా తెరుచుకుంటుంది గాని, చప్పుడుకి కావలివాళ్లు లేస్తారని ముందే చెప్పి చూడండి. అప్పుడు ఆటగాడి గుండె దడదడలాడుతుంది!

లెక్క కూడా కాస్త తెలియాలి. ఈ పాచికలో ప్రతి అంకెకీ అవకాశం 5 శాతమే. 11 గాని, ఆపైన గాని పడాలంటే సగానికి సగం. కోటగోడ ఎక్కడానికి మూడుసార్లు వేయించి, మూడూ గెలవాలన్నారనుకోండి, అవకాశం ఎనిమిదింట ఒక వంతుకు పడిపోతుంది. పాపం, ఆటగాడేమో తన దురదృష్టమనుకుంటాడు. ఒక్కసారి వేయిస్తే చాలు. 2014లో వచ్చిన ఐదో కూర్పు నియమాల్లో, పరిస్థితి అనుకూలంగా ఉన్నవాడు రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటాడు. అదే 11కి అవకాశం 75 శాతమవుతుంది. మంచి ఉపాయం ఆలోచించినవాడికి ఆ మాత్రం ఇవ్వాలి మరి.

ఆన్‌లైన్‌లో అసలు చిక్కు నమ్మకం. బల్ల చుట్టూ కూర్చుంటే పాచిక అందరి కళ్లెదుటా దొర్లుతుంది. ఇక్కడ ఎవరి బల్ల వారిది. అందుకే రోల్20 వంటి చోట్ల అందరికీ కనిపించే పాచికే వాడాలి. శత్రువుల పాచికలు కూడా నేను బాహాటంగానే వేస్తాను. చాటుగా వేసి ఫలితం సర్దడం గేమ్ మాస్టర్ హక్కని వాదించేవారున్నారు, నేనొప్పుకోను. నెలల తరబడి పెంచుకున్న పాత్ర చచ్చిపోతే ఆటగాడికి బాధే. కానీ ఆ అంకె తానూ చూశాడు గనక, మళ్లీ వారం కొత్త పాత్రతో వస్తాడు. చూడకపోతే అనుమానం మిగులుతుంది. పాత్రకి తెలియకూడని రహస్యాలకు మాత్రం చాటు పాచిక తప్పదు.

ఇంకొకటి. కాల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏదీ వినబడదు, బిడియస్తుడు ఊరికే వింటూ ఉండిపోతాడు. పాత్ర పేరుతో పిలిచి “నువ్వేం చేస్తున్నావ్?” అని వంతులవారీగా అడగండి. నెట్ సరిగా లేనివాడు చాట్‌లో రాస్తే దాన్ని మీరే పైకి చదివి, ఆ తర్వాతే పాచిక వేయించండి.