ధ్వనివర్ధకముల అమరిక

సభలో వక్త మాటలు వెనుకవారికి తెలియనిచో, తరచుగా తప్పు వక్తది కాదు, ధ్వనివర్ధకములను అమర్చినవారిది. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న రోజులలో ఒకమారు ఆ తప్పు నాదే అయినది.

పాఠశాల వార్షికోత్సవమునకు మైదానమున రెండు బాకా స్పీకర్లు కట్టించితిని. ఒకటి వేదిక ప్రక్కన. రెండవది జనమునకు వెనుక, 70 మీటర్ల దూరమునగల వేపచెట్టుపై, వేదికవైపు తిప్పి. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తాను వ్రాసికొన్న ఉపన్యాసమును చదివినది. చూపులేని ఆమె తాత అది వినుటకే పొరుగూరినుండి బస్సులో వచ్చి, ఆ చెట్టుకు చేరువలో కూర్చుండెను. సభ ముగిసినంతనే, "పంతులుగారూ, మా పిల్ల గొంతు వినబడినది, మాట ఒక్కటియు తెలియలేదు" అనెను. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కారణ మిది. విద్యుత్తు తీగవెంట క్షణములో పోవును. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవును. 70 మీటర్లు దాటుటకు దానికి సెకనులో అయిదవ వంతు పట్టును. ఒక అక్షరమును పలుకుటకును ఇంచుమించు అంతే కాలము. కావున చెట్టుమీది బాకానుండి ఒక అక్షరము వినబడిన పిదప, వేదిక బాకానుండి అదే అక్షరము వచ్చి తరువాతి అక్షరముపై పడినది. స్వరము హెచ్చించిన కొలది గందరగోళమే హెచ్చినది. పైగా వేదికవైపు తిరిగిన బాకా ధ్వని మైకులో దూరి, పెద్దదై వెలువడి, మరల దూరి, చెవులు చిల్లులు పడునట్లు కూత పెట్టినది.

మరుసటి వారము సభను మరల కూర్చితిని. బాకాలు రెంటిని వేదికకు ఇరుప్రక్కల, మైకుకంటె ముందుగా, ఎత్తైన గుంజలకు కట్టించి, వాని నోళ్లను వెనుక వరుసలవైపు కొంచెము వంచితిని. ఆరుబయట దూరము రెట్టింపైనచో ధ్వని బలము నాలుగవ వంతగును. బాకా చెవి మట్టమున నున్నచో ముందువారికి పోటు, వెనుకవారికి కొరత. ఎత్తున నున్నచో ఆ భేదము తగ్గును. మైకును బాలిక నోటికి జానెడు దూరమున నుంచితిని. నేడు వెనుక స్పీకరు ధ్వనిని తగినంతసేపు నిలిపి పంపు పరికరములు కలవు. మా బడికి అవి లేవు.

బాలిక మరల చదివినది. తాత మరల ఆ చెట్టు దగ్గరనే కూర్చుండెను. చిన్ననాడు బడి ఎగవేసి చెరువుగట్టున దాగిన తాత కథ రాగానే, అందరికంటె ముందు ఆయనయే ఫక్కున నవ్వెను.