సోజరు తాత సొంతూరు ఏది? ఐర్లండ్ మూలాలు వెతికేవారికి చిట్కాలు

మా లాలాగూడ వీధిలో ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఉన్నారు. వాళ్ల ఆయన, మామగారు ఇద్దరూ రైల్వేనే. అంతకు ముందు తరాల్లో ఎవరో తిరుమలగిరి లైన్లలో ఐరిష్ సోజరట. "గ్రానీ, ఐర్లండ్‌లో మనది ఏ ఊరు?" అని మనవడు అడిగేసరికి ఆవిడ ట్రంకుపెట్టె దించారు, నన్ను కేకేశారు. ఆ వెతుకులాటలో నేర్చుకున్నవే ఇవి.

1. పేరుతో మొదలుపెట్టకండి. మర్ఫీ, కెల్లీ, సల్లివన్ అంటే మన వెంకటేశ్వర్లు, సుబ్బారావుల్లాంటి పేర్లు, పుట్టలుపుట్టలుగా దొరుకుతాయి. 1830లో బ్రిటిష్ సైన్యంలో నూటికి 42 మంది ఐరిష్ వాళ్లే మరి. మీకు కావలసింది రెజిమెంటు పేరు, సోజరు నంబరు.

2. ఇంట్లో పాత పతకం ఉంటే దాని అంచు చూడండి. బొమ్మ కాదు, అంచు. చాలా పతకాలకు పేరు, హోదా, రెజిమెంటు సన్నటి అక్షరాల్లో అక్కడే చెక్కి ఉంటాయి. వెండిది కదా అని విబూదో టూత్‌పేస్టో పెట్టి తోమారంటే ఉన్న ఆధారం కాస్తా అరిగిపోతుంది. ఆంటీ పతకం ప్రతి క్రిస్మస్‌కూ తళతళలాడేదట. మాకు మిగిలింది ఒక "8", దాని పక్కన ఇంకో సగం అంకె. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పెట్టి ఫోన్‌తో ఫొటో తీయండి, చాలు.

3. రాజుగారి సైన్యమా, కంపెనీ సైన్యమా? ఇది తేలకుండా ఒక్క రూపాయి ఖర్చుపెట్టొద్దు. రెండింటి కాగితాలూ లండన్‌లోనే ఉన్నా భవనాలు వేరు. రాజుగారి సైన్యం కాగితాలు క్యూ అనే పేటలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో, ఈస్టిండియా కంపెనీవి బ్రిటిష్ లైబ్రరీలో ఉంటాయి. కంపెనీ తెల్ల పటాలాల్లోనూ ఐరిష్ వాళ్లు కొల్లలు. 1857 తిరుగుబాటు తర్వాత ఆ పటాలాలు రాణి సైన్యంలో కలిశాయి. 1881లో మద్రాసు యూరోపియన్ పటాలం వారసులు రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్‌లోకి, బెంగాలువారు రాయల్ మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్‌లోకి చేరారు. ఆ మన్‌స్టర్ పటాలం యుద్ధ గౌరవాల పట్టికలో "మసూలిపటం" అని ఉంటుంది, అంటే మన బందరు! 1758లో చందుర్తి, 1759లో బందరు గెలిచింది బెంగాలు నుంచి వచ్చిన ఆ పటాలమే. దాన్ని నడిపించిన కల్నల్ ఫోర్డు కూడా ఐర్లండ్ మనిషే.

4. డిశ్చార్జి కాగితం దొరికితే పంట పండినట్టే. క్యూలో "డబ్ల్యూఓ 97" అనే వరుసలో 1760 నుంచి 1913 దాకా ఉన్నాయి. పుట్టిన పారిష్, కౌంటీ, చేరినప్పటి వయసు, అంతకుముందు చేసిన పని, ఎత్తు, కళ్ల రంగు, జుట్టు రంగు అన్నీ రాసి ఉంటాయి. అయితే ఇవి ముఖ్యంగా పింఛను పుచ్చుకున్నవాళ్లవి. కలరాతో పోయినవాడు, పారిపోయినవాడు ఇందులో దొరకడు. అలాంటప్పుడు మస్టర్ రోల్స్, అంటే జీతాల పట్టీలు చూడాలి. పటాలం ఎక్కడుందో, మనిషి ఆస్పత్రిలో ఉన్నాడా కొట్లో ఉన్నాడా అన్నదీ వాటిలో తెలుస్తుంది.

5. 1822కు ముందు పింఛనుకు వెళ్లినవాడైతే డబ్లిన్‌లోని కిల్మైన్‌హామ్ ఆస్పత్రి జాబితాలు మరిచిపోకండి. అవీ ఇప్పుడు క్యూలోనే ఉన్నాయి.

6. పెళ్లి, బాప్తిస్మం, ఖననం వివరాలకు మద్రాసు చర్చి రిటర్న్‌ల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కేథలిక్కులందరూ వాటిలోకి ఎక్కలేదు, అందుకని స్థానిక చర్చి రిజిస్టర్లూ అడగండి. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చి కట్టించిన డేనియల్ మర్ఫీ కార్క్ కౌంటీ నుంచి వచ్చినవాడే.

7. ఐర్లండ్ వైపు కాలిపోయినదాని గురించి ఏడవకండి. 1922 జూన్‌లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డుల భవనం తగలబడింది. 1821 నుంచి 1851 వరకు తీసిన జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. తర్వాతి నాలుగింటిని ప్రభుత్వమే నాశనం చేసింది. మిగిలినవి 1901, 1911 లెక్కలు, ఉచితంగా చూడొచ్చు. 1847–64 మధ్య జరిగిన గ్రిఫిత్ వాల్యుయేషన్ ఊరూరా ఇళ్లూ పొలాలూ ఎవరి అనుభవంలో ఉన్నాయో ఆ పేర్లు చెబుతుంది. కేథలిక్ పారిష్ రిజిస్టర్ల ఫొటోలు ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ ఉచితంగానే పెట్టింది. అందులో పేరుతో వెతికే వీలు లేదు, పేజీ పేజీ తిప్పాల్సిందే. చదవరాని లాటిన్ చేతిరాత, మసి మరకలు, కాబట్టి ఒక పూటకు పది పేజీలు మించి పెట్టుకోవద్దు.

8. స్పెల్లింగు పట్టింపు వదిలేయండి. రాయడం రాని కుర్రాడు చెప్పింది గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. ముందున్న "ఓ", "మక్" ఊడిపోవడం మామూలే. వయసు అబద్ధం, ఒక్కోసారి పేరే అబద్ధం.

9. మొదటి ప్రపంచయుద్ధం సోజరైతే ఒక మాట. 1940లో లండన్‌పై బాంబులు పడ్డప్పుడు ఆ సర్వీసు కాగితాల్లో సగానికి పైగా కాలిపోయాయి. పింఛను ఫైళ్లు, పతకాల కార్డులు విడిగా వెతకండి.

10. అందరూ బ్రిటిష్ ఎర్రకోటు వేసుకోలేదు. 1691 లిమరిక్ ఒడంబడిక తర్వాత వేలమంది ఫ్రాన్స్ కొలువుకు పోయారు. 1760లో వందవాసి దగ్గర ఫ్రెంచివాళ్లను నడిపిన లాలీ తండ్రిది గాల్వే, ఎదురు నిలిచి గెలిచిన ఐర్ కూట్‌ది లిమరిక్!

11. పాస్‌పోర్టు ఆశ పెట్టుకోవద్దు. తాతో అమ్మమ్మో ఐర్లండ్‌లో పుట్టి ఉంటే దారి ఉంది, ఐదారు తరాల కిందటి సోజరు దానికి పనికిరాడు. ఇది వినగానే మనవడు చల్లగా జారుకున్నాడు. ఆంటీ మాత్రం కళ్లజోడు మార్పించుకుని వచ్చి రోస్‌కామన్ కౌంటీ పారిష్ రిజిస్టరు ముందు కూర్చున్నారు. నిన్నటికి 43వ పేజీ.