పాతదైనంత మాత్రాన ఫ్రీ కాదు

పోయిన సెమిస్టర్ సెలవుల్లో మా రూమ్‌లో ఒక బిజినెస్ ఐడియా పుట్టింది. పాత పోస్టర్లు, పాత బొమ్మలు నీట్‌గా ప్రింట్ తీసి ఆన్‌లైన్‌లో అమ్మడం. లిస్టు కూడా రాసేశాం: మాయాబజార్ పోస్టర్, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు, బాపు గారి బొమ్మలు, రవివర్మ లక్ష్మీదేవి. "అన్నీ పాతవే కదరా, ఎవడు అడుగుతాడు?" అన్నాడు మావాడు. నాకూ అదే అనిపించింది. ప్రింటింగ్ ప్రెస్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు రోజు రాత్రి, ఎందుకైనా మంచిదని 1957 నాటి కాపీరైట్ చట్టం తెరిచాను. తెల్లారేసరికి లిస్టులో ఒక్కటే మిగిలింది. ఎందుకో చెప్తాను.

లెక్క ఎక్కడ మొదలవుతుంది?

మన దేశంలో బొమ్మ వయసు చూడరు, గీసినవాళ్లు ఎప్పుడు పోయారో చూస్తారు. వాళ్లు బతికున్నంత కాలం, చనిపోయాక వచ్చే జనవరి నుంచి ఇంకో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. రవివర్మ 1906లో పోయారు, కాబట్టి గడువు ఎప్పుడో అయిపోయింది. వడ్డాది పాపయ్య గారు పోయింది 1992లో. అంటే 2052 చివరిదాకా హక్కు ఉంటుంది. బాపు గారు 2014లో పోయారు, అది 2074 దాకా. అప్పటికి నాకు దాదాపు డెబ్బై ఏళ్లు!

ఆ హక్కు ఎవరి చేతిలో ఉందన్నది వేరే ప్రశ్న. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు వేయించుకున్నవాళ్లది. అందుకే పర్మిషన్ కోసం ఒక్కోసారి చిత్రకారుడి ఇంటికి కాదు, నిర్మాతల వారసుల దగ్గరికి వెళ్లాల్సి రావచ్చు.

నేను పడబోయిన గొయ్యి మాయాబజార్. సినిమాకి కాపీరైట్ విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957 సినిమా కాబట్టి 2017తో అయిపోయింది, పోస్టర్ కూడా ఫ్రీయే అనుకున్నాను. తప్పు. సినిమా ఒక రచన, పోస్టర్ మీద వేసిన బొమ్మ ఇంకో రచన. దాని గడువు ఆ బొమ్మ వేసినాయన జీవితాన్ని బట్టి ఉంటుంది. వేసింది ఎవరో బయటికి తెలియకుండా ఉంటేనే ప్రచురణ నుంచి 60 ఏళ్ల లెక్క వర్తిస్తుంది. మనకి తెలియకపోవడం, ఎవరికీ తెలియకపోవడం ఒకటి కాదు కదా.

ట్రేడ్‌మార్క్ మరో తలనొప్పి. 1946లో పుట్టిన ఎయిర్ ఇండియా మహారాజా లాంటి గుర్తుల్ని పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. విదేశాలకి పంపితే అక్కడి చట్టం కూడా చూడాలి. అమెరికాలో చాలా పాత ప్రచురణలకి, ప్రచురించిన ఏడాది నుంచి 95 ఏళ్ల లెక్క ఉంది.

తెలిసి ఉల్లంఘిస్తే మన చట్టంలో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మా మొత్తం పెట్టుబడి అందులో పదో వంతు కూడా లేదు.

మరి ఫ్రీగా ఉన్నది అమ్ముడుపోతుందా?

ఇక్కడ బ్రిటన్ కథ ఒకటి చెప్పాలి. 'కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్' పోస్టర్‌ని అక్కడి ప్రభుత్వం 1939లో యుద్ధం కోసం లక్షల్లో ముద్రించింది, కానీ దాదాపు బయట పెట్టలేదు. 2000లో ఆనిక్ అనే ఊళ్లో ఒక పాత పుస్తకాల షాపువాళ్లకి ఒక కాపీ దొరికింది. గోడకి పెడితే వచ్చినవాళ్లంతా అడిగారు, దాంతో వాళ్లు కాపీలు వేసి అమ్మారు. ప్రభుత్వ కాపీరైట్ గడువు అప్పటికే తీరిపోయింది కాబట్టి తర్వాత అందరూ కప్పుల మీద, టీషర్టుల మీద వేసేశారు. డిమాండ్ ఉంది, కానీ అది ఏ ఒక్కరి సొత్తూ కాదు.

రవివర్మ పరిస్థితీ అంతే. ఆయనే 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి దేవుళ్ల బొమ్మల్ని ఇంటింటికీ చేర్చారు. ఇప్పుడు ఎవరైనా వేసుకోవచ్చు, కాబట్టి ధర దగ్గర మనం గెలవలేం. బొమ్మని శుభ్రం చేయడానికి వారం కూర్చున్నా, శ్రమ ఒక్కటే కొత్త కాపీరైట్ ఇవ్వదు. కొంతైనా సృజన ఉండాలని ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలేది క్వాలిటీ ఒక్కటే. ఎ3 సైజుని 300 డీపీఐలో తీయాలంటే ఫైల్ 3508 × 4961 పిక్సెల్స్ ఉండాలి. నెట్‌లో దొరికే 800 పిక్సెల్స్ బొమ్మని అంతకి సాగదీస్తే లక్ష్మీదేవి ముఖం అలుక్కుపోతుంది. మేం ట్రై చేసి చూశాం. పైగా, అమ్మేటప్పుడు 'ఇది నకలు' అని స్పష్టంగా రాయాలి. ఒరిజినల్ అనిపించేలా రాస్తే అది మోసం.

అంటే జనానికి బాగా గుర్తున్నవి అమ్మే హక్కు మనకి లేదు, హక్కున్నవి అందరూ అమ్ముతున్నారు. మధ్యలో ఏమైనా ఉందా అని వెతికితే దామెర్ల రామారావు గారు కనిపించారు. 1897లో పుట్టి 1925లోనే పోయిన రాజమండ్రి చిత్రకారుడు. కాపీరైట్ లేదు, మా క్లాసులో అడిగితే ఇద్దరికి మించి పేరు తెలియదు. రాజమండ్రిలో ఆయన పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఉంది. బొమ్మ మీద హక్కు తీరిపోయినా, గ్యాలరీలోకి కెమెరా తీసుకెళ్లాలంటే వాళ్ల అనుమతి కావాలి. లెటర్ రాశాం, జవాబు ఇంకా రాలేదు.

ఈలోగా ఒక మాట. గిట్‌హబ్‌లో కోడ్ కనిపించింది కదా అని లైసెన్స్ చూడకుండా వాడొద్దని మనకి ఫస్ట్ ఇయర్ నుంచి చెప్తున్నారు. మన ఈ-మేగజైన్ కవర్‌కి మాత్రం నెట్‌లో దొరికిన బాపు బొమ్మ పెట్టేస్తుంటాం. వచ్చే సంచిక కవర్ మన క్లబ్‌లో ఎవరైనా గీస్తే ఎలా ఉంటుంది?