కంచెలో వదిలిన దారి

చి. లలితకు,

నీ ఉత్తరం అందింది. కెన్యాలో, నన్యూకి పక్కన ప్రైవేటు వన్యప్రాణి క్షేత్రంలో పశువైద్య శిక్షణకు వెళ్తున్నావన్నమాట. మీ అమ్మ సింహాలంటే భయపడుతోంది. నా భయం పిడుదులంటేనే. అది తర్వాత చెబుతాను.

"తెల్లదొరలు లాక్కున్న భూముల్లో ఈ సంరక్షణ ఏమిటి పెదనాన్నా?" అని నిలదీశావు. అడగాల్సిందే. నువ్వు వెళ్లే లైకిపియా ప్రాంతం ఒకప్పుడు మసాయి పశుకాపరుల మేతబీడు. 1911 ఒప్పందం చూపించి వాళ్లను మందలతో సహా దక్షిణానికి తోలేశారు. ఆ బీళ్లే దొరల పశుక్షేత్రాలయ్యాయి. ఈ ముక్క దాటేసి కథ చెప్పేవాళ్లను నమ్మకు. అయితే ఖడ్గమృగాల ఊసెత్తకుండా తిట్టేవాళ్లు చెప్పేదీ సగం కథే.

1970 ప్రాంతంలో కెన్యాలో ఇరవై వేల దాకా ఉన్న నల్ల ఖడ్గమృగాలు, కొమ్ము కోసం జరిగిన వేటలో, 1980ల చివరికి నాలుగు వందల లోపుకు పడిపోయాయి. సర్కారు పార్కుల్లో కాపలా సరిపోలేదు. 1983లో అన్నా మెర్జ్ అనే ఆవిడ సొంత డబ్బు పట్టుకుని లేవా డౌన్స్ పశుక్షేత్రానికి వచ్చింది. యజమాని డేవిడ్ క్రెయిగ్ అయిదు వేల ఎకరాలు విడిచిపెట్టాడు. కంచె వేశారు, మిగిలిన ఖడ్గమృగాలను ఒక్కొక్కటిగా పట్టి తెచ్చారు. తల్లి వదిలేసిన సామియా అనే పిల్లను ఆవిడ ఇంట్లోనే పాలుపట్టి పెంచింది. 1995 కల్లా క్షేత్రమంతా, అరవై వేల ఎకరాల పైచిలుకు, లాభం చూసుకోని సంస్థ చేతికి వచ్చింది.

నువ్వు అక్కడ తప్పక చూడాల్సింది ఒకటుంది. ఓల్ పెజెటా అనే క్షేత్రానికి వెళ్తే ప్రపంచంలో మిగిలిన రెండే రెండు ఉత్తర తెల్ల ఖడ్గమృగాలను, ఆ తల్లీకూతుళ్లను, అందరూ నీకు చూపిస్తారు. ఫొటో తీసుకో. తర్వాత ఉత్తరపు కంచె దగ్గరికి తీసుకెళ్లమని అడుగు. కరెంటు తీగ ఒకచోట ఆగిపోతుంది. ఆ ఖాళీలో మోకాలి ఎత్తు గుంజలు వరసలుగా, దగ్గర దగ్గరగా పాతి ఉంటాయి. ఏనుగు ఒక్కో కాలూ ఎత్తి, చూసుకుని వేసి దాటిపోతుంది. జింకలు దూకుతాయి. పొట్టి కాళ్ల ఖడ్గమృగానికి మాత్రం అది గోడే. మిగతా అడవికంతా రాకపోకలు, దొంగల కన్ను పడ్డ ఒక్క జంతువుకే కాపలా. నేను కెన్యాలో మందుల కంపెనీలో పనిచేసిన కాలంలో చాలా కంచెలు చూశాను. ఇంత బుర్రపెట్టి కట్టింది మరొకటి లేదు.

ఇక డబ్బు. కెన్యాలో అడవి జంతువు నీ పొలంలో ఉన్నా సర్కారుదే. 1977 నుంచి వేట నిషేధం. కాబట్టి యజమానికి వచ్చేదల్లా పర్యాటకులు, దాతలు, ఆవులు. 2020లో విమానాలు ఆగితే రాబడి ఆగింది, గార్డుల జీతాలు ఆగవు కదా. దక్షిణాఫ్రికాలో పద్ధతి వేరు. 1991 చట్టం ప్రకారం సరైన కంచె వేసినవాడు తన జంతువులకు సొంతదారు. ఆ దేశపు తెల్ల ఖడ్గమృగాల్లో సగానికి పైగా ప్రైవేటు భూముల్లోనే బతుకుతున్నాయి. కానీ అక్కడి జాన్ హ్యూమ్ అనే యజమాని సంగతి చూడు. కొమ్ము అమ్ముకోవచ్చన్న ఆశతో రెండు వేల ఖడ్గమృగాలను పెంచాడు. అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం తొలగలేదు, కాపలా ఖర్చుకు చేతులెత్తేశాడు. 2023లో వేలం పెడితే ఒక్కరూ పాట పాడలేదు. చివరికి ఆఫ్రికన్ పార్క్స్ సంస్థ తీసుకుంది. అందుకే ఏ ఎస్టేటుకు వెళ్లినా జంతువులెన్ని అని అడిగాక, వచ్చే ఏడు వీటి ఖర్చు ఎవరు భరిస్తారని కూడా అడుగు. మేనేజరు నీళ్లు నమిలితే ఆ జంతువుల భవిష్యత్తు ఏమిటో నీకే తెలుస్తుంది.

కంచె అవతలి మనిషినీ లెక్కలో వేసుకో. 2017 కరువులో కాపరులు తుపాకులతో మందలను ఎస్టేట్లలోకి తోలారు. మనుషులూ పోయారు, ఏనుగులూ పోయాయి. ఇప్పుడు కొన్నిచోట్ల పక్క ఊళ్ల ఆవులను లెక్కకట్టి లోపల మేయనిస్తున్నారు. మంచి పని, కాస్త ఆలస్యమైనా.

అన్నట్టు పిడుదులు. అక్కడి అడవిదున్న ఒంట్లో థైలీరియా పార్వా అనే పరాన్నజీవి ఉన్నా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. పిడుదు కుట్టి అదే ఆవుకెక్కితే చెవికింద బిళ్లలు కట్టి, ఆయాసపడి, ముక్కున నురగతో పోతుంది. అందుకని ఆవులకు క్రమం తప్పకుండా మందు కొడతారు. ఆ ఆవులు మేస్తూ గడ్డిలోని పిడుదులను ఒంటికెక్కించుకుని చంపేస్తాయి, ఆ మేరకు బీడులో పిడుదులు తగ్గుతాయి. లైకిపియాలో పరిశోధకులు కొలిచి మరీ చూపించారు. ఆవూ, జీబ్రా ఒకే బీట్లో ఇమడగలవనడానికి నేను నమ్మే లెక్క ఇది. మన సంకర ఆవులకూ థైలీరియా బెడద ఉందని నీకు తెలుసుగా. వాళ్లు ఏ మందు, ఎన్నాళ్లకోసారి, ఎంత పలచన చేసి కొడుతున్నారో వివరంగా రాసి పంపు. గడ్డిలోకి దిగేముందు ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకో.

ఇట్లు,
మీ పెదనాన్న