జీపీఏ ఉన్నా బ్యాంకు ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: మా నాన్నగారికి 82 ఏళ్లు. పక్షవాతంతో మంచం పట్టారు గానీ తెలివి బాగానే ఉంది. నా పేర నోటరీ జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాశారు. బ్యాంకులో మాత్రం ‘ఆయన్నే తీసుకురండి’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ జీపీఏ తీసి చదవండమ్మా. ఇళ్లు, పొలాల కోసం రాసే మామూలు నమూనాలో తరచుగా బ్యాంకు ఊసే ఉండదు. ఖాతా నంబరు, డబ్బు తీయడం, చెక్కులపై సంతకం, ఎఫ్‌డీని గడువుకు ముందే రద్దు చేయడం విడివిడిగా రాసి ఉండాలి. లేకపోతే మరొకటి రాయించండి. జీపీఏ నకలు, మీ కేవైసీ పత్రాలు జతచేసి మేనేజరుకు అర్జీ ఇచ్చి, రసీదు తప్పక తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఈలోగా మందుల ఖర్చు ఆగదు కదా. సంతకం పెట్టలేని ఖాతాదారు వేలిముద్రను ఇద్దరు సాక్షులు ధ్రువీకరిస్తే డబ్బు ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంక్ నిబంధనే ఉంది. ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకు అధికారి కావాలి. 70 దాటినవారికి ఇచ్చే ఇంటి దగ్గరి బ్యాంకు సేవ కూడా అడగండి.

అన్నిటికన్నా నాకు ఆందోళన కలిగించేది వేరే ఉంది. నాన్నగారికి మతి తప్పితే, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం జీపీఏ చెల్లదు. అప్పుడిక కోర్టుకెళ్లి సంరక్షకురాలిగా నియమించమని కోరాల్సిందే. ఆయనకు ఇష్టమైతే, ఈ నెలలోనే ఖాతాను మీ ఇద్దరి పేర ‘ఐదర్ ఆర్ సర్వైవర్’గా (ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా) మార్పించండి.